దాగలికి దీర్ఘం

ఇరవై ఏళ్ళు నిండే ముందు కొందరికి ఒక జబ్బు చేస్తుంది. తనకు అన్నీ తెలుసనీ, కన్న తండ్రికి ఏమీ తెలియదనీ గట్టిగా అనిపిస్తుంది. ఆ కాలంలో మశూచికానికి టీకాలు వేసేవాళ్ళు మా విడవలూరు దాకా సైకిళ్ళ మీద వచ్చి, వద్దని పరిగెత్తే వాళ్ళని కూడా పట్టుకుని మరీ పొడిచేవాళ్ళు గానీ, ఈ జబ్బుకు మాత్రం టీకా తెచ్చినవాడు ఒక్కడూ లేడు. నాకది నెల్లూరులో అంటుకుంది. ఒక మోటారు షెడ్డులో నలభై రోజులు సమ్మెట కొట్టి (నేనే మానేశానని ఇంట్లో చెప్పాను, మేస్త్రీ కాలి మీద లారీ స్ప్రింగు పట్టీ పడేస్తే ఆయన తరిమేసిన సంగతి ఇప్పుడు మీకు మాత్రమే చెబుతున్నాను), తలకు వాసన నూనె, నోట్లో ఈల, మనసు నిండా అసంతృప్తి పెట్టుకుని ఊరికి తిరిగొచ్చాను.

అసంతృప్తి దేని మీదంటే, మా దాగలి మీద. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుమును పెట్టి కొట్టే ఇనప దిమ్మనే దాగలి అంటారు. మాది తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు. మా జేజినాయన కాలం నుంచీ నాగటి కర్రులు, కొడవళ్ళు, బండి చక్రాలకు కమ్ములు, పడవలకు మేకులు, అన్నీ మా కొలిమిలోనే. అయితే మా దాగలి అసలు దాగలే కాదు. మూరెడు రైలు పట్టా ముక్క, తుమ్మ మొద్దులో దిగ్గొట్టి ఉండేది. జీవితంలో రైలెక్కని మా నాయన ఇంట్లోకి రైలు పట్టా ఎట్లా వచ్చిందని ఎవరూ అడగకూడదు. ఒకసారి నేను అడిగితే "నడిచొచ్చింది" అన్నాడు. నెల్లూరు షెడ్డులో నేను చూసిన దాగలి వేరు. దానికి ఒకవైపు ఎద్దు కొమ్ములాంటి కొమ్ము, నున్నటి వీపు, సుత్తి తగిలితే 'టంగ్' మని గుడి గంటలాగా మోత. అది చూసిన కంటితో మా పట్టా ముక్కను చూస్తే, రాజుగారి గుర్రాన్ని చూసొచ్చి ఇంటి గాడిదను చూసినట్టుండేది. ఆ మాట ఇంట్లో రోజుకు నాలుగుసార్లు అనేవాణ్ణి.

"ఆ గాడిద మీద కొట్టిన కర్రులతో పండిన వొడ్లేరా నువ్వు తిన్నది" అనేవాడు నాయన, తల ఎత్తకుండా. "దానికి కొమ్ము లేదు నాయనా" అంటే, "నీకుండాయిగా, చాలు" అనేవాడు.

చివరికి అమ్మ నా పోరు పడలేక రెండు గొర్రెపిల్లల్ని అమ్మి ఆ డబ్బు నా చేతిలో పెట్టింది. గూడూరులో అభ్రకం గని ఒకటి మూతపడిందనీ, దాని కొలిమిలో పని చేసిన ఆచారికి కంపెనీ వాళ్ళు ఇంగ్లండు నుంచి తెప్పించిన తమ సీమ దాగలిని ఇచ్చేశారనీ, ఆయనిప్పుడు దాన్ని అమ్ముతున్నాడనీ బస్సు డ్రైవరు ఒకడు చెప్పాడు. నేను బయల్దేరే ముందు ఊళ్ళో కనబడిన ప్రతివాడికీ "సీమ దాగలి తేబోతున్నా" అని చెప్పుకున్నాను. చెప్పని వాళ్ళకు మా జేజి, అంటే నాయన తల్లి, చెప్పింది. బేరానికి పోయేవాడు దర్జాగా కనబడాలి గదా అని, పురిటికొచ్చిన మా అక్క పెట్టెలోంచి బావ టెరిలిన్ చొక్కా కూడా తీసుకున్నాను. టెరిలిన్ అంటే అప్పట్లో మాటలు కాదు. మా బావ నెల్లూరు బట్టల కొట్టులో గుమాస్తా. మద్రాసు నుంచి తెప్పించుకుని, రంజాన్ పండక్కి తొడుక్కోవాలని మడత కూడా విప్పకుండా దాచుకున్న చొక్కా అది. అడిగితే ఇవ్వడని తెలుసు కాబట్టి అడగలేదు. (దొంగతనం అనకండి. బావ చొక్కా, బావమరిది ఒళ్ళు. మధ్యలో మీరెవరు?)

గూడూరు స్టేషనుకు అవతల, నిమ్మకాయల బుట్టలు అల్లే వాళ్ళ వీధిలో ఆచారిగారి ఇల్లు. వాకిట్లో వేపకొమ్మల పందిరి, పందిరి కింద కొలిమి, కొలిమి పక్కన దాగలి. దాన్ని చూడగానే రెండుసార్లు చొక్కా కాలరు సర్దుకున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా తరవాత అన్నిసార్లు సర్దుకోలేదు. నల్లగా, బరువుగా, కొమ్ము ముందుకు చాచి పడుకుని ఉంది. దాని పక్కనే ఆచారిగారు. డెబ్భై ఏళ్ళుంటాయి. యాభై ఏళ్ళు సుత్తి మోతలో బతికి బతికి రెండు చెవులూ పోయాయి. ఎవరేం చెప్పినా ఆయన భార్య దగ్గరగా వచ్చి చెవిలో అరవాలి. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచాను.

"దాగలి చూడను వచ్చినాడంట!" అని అరిచింది పెద్దమ్మ.

ఆచారిగారు దాగలిని కాకుండా నా చొక్కాను చూశాడు. "ఈయనది యాపారమా?"

నేను ఛాతీ విరిచి, షెడ్డు మేస్త్రీ చేసినట్టే సుత్తి తీసుకుని దాగలి మీద అక్కడా ఇక్కడా తట్టాను. చెవి ఆనించి విన్నాను. కళ్ళు మూసుకున్నాను. "ఫరవాలేదు, మోత బాగుంది" అన్నాను, పెదవి విరుస్తూ. ఎంత బాగున్నా బేరంలో పెదవి విరవాలని ఎక్కడో విన్నాను. ఆచారిగారు నా పెదవినే చూస్తున్నాడు. తరవాత తెలిసింది, చెవిటివాళ్ళు పెదవుల్ని బట్టే మాటలు పోల్చుకుంటారని.

"మోతగాడివే. పనోడివా?" అన్నాడు.

"మాది మూడు తరాల కొలిమి."

"తరాలు నేనడగలా. ఇదిగో కడ్డీ. బాయి దగ్గర బొక్కెన తగిలించే కొక్కెం ఒకటి చెయ్యి. అది చూసి మాట్లాడదాం."

ఇది బేరమా, పరీక్షా? డబ్బు తెచ్చినవాణ్ణి కొక్కెం చెయ్యమనడం ఏమిటి? గుర్రం కొనడానికి పోతే నువ్వు సకిలించి చూపించు అన్నట్టుంది. అయినా కొక్కెమే గదా. మా ఊళ్ళో పసిపిల్లలు చేస్తారు. చొక్కా విప్పుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. విప్పితే లోపల బనియను లేదు, దర్జా పోతుంది. అట్లాగే కూర్చున్నాను.

పెద్దమ్మ తిత్తి ఊదుతోంది. నేను ఆమెకు నెల్లూరు కబుర్లు చెబుతూ, షెడ్డులో నా గొప్పతనం వర్ణిస్తూ, కడ్డీని కొలిమిలోనే మరిచిపోయాను. తీసేసరికి అది ఎరుపు దాటి, పసుపు దాటి, తెల్లగా అయి, నిప్పులో వేసిన ఉప్పు కల్లులా చిటపటలాడుతోంది. కంగారుగా దాగలి మీద పెట్టి ఒక్కటి వేశాను. దీపావళికి మతాబు వెలిగించినట్టు నిప్పురవ్వలు లేచి అన్నీ నా మీదే పడ్డాయి. నూలు గుడ్డయితే మచ్చ పడి ఊరుకునేది. టెరిలిన్ ఊరుకోదు. రవ్వ పడ్డ చోటల్లా చుయ్యిమని కరిగి గుండ్రటి కన్నం అయింది. నేను ఎగిరి గంతేసి చొక్కా పీకి అవతల పారేసేసరికి కడ్డీ రెండు ముక్కలయింది, చొక్కా జల్లెడ అయింది.

ఆచారిగారు ఆ రెండు ముక్కల్నీ పట్టకారుతో ఎత్తి చూశాడు. "ఇనుమునే మాడ్చినావు గదబ్బయ్యా. ఇంక అన్నం వండితే ఏమవుద్దో!" అన్నాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దాగలి ఇయ్యరా?" అన్నాను.

"ఇస్తా. కొక్కెం చేసినాక ఇస్తా."

లేచి వచ్చెయ్యచ్చు. డబ్బు జేబులో ఉంది, బస్సు రోడ్డు మీద ఉంది. కానీ ఏ మొహంతో పోను? సీమ దాగలి తెస్తానని ఊరంతా చాటి, జల్లెడ చొక్కా తెచ్చాను అని చెప్పనా? సాయంత్రంలోపు చేసిచ్చి పోదామనుకున్నాను. సాయంత్రానికి ఆరు కొక్కేలు చేశాను. ఆచారిగారు ఒక్కొక్కదాన్నీ కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి పక్కనున్న పాత డబ్బాలో పడేశాడు. డబ్బాలో పడ్డప్పుడల్లా 'ఠంగు' మని చప్పుడు. ఆయనకు వినబడదు గానీ నాకు వినబడేది. మర్నాడు పోదామనుకున్నాను. మర్నాడు తొమ్మిది చేశాను. తొమ్మిది ఠంగులు.

అట్లా ఉండిపోయాను. పగలు కొక్కేలు, చీకటి పడితే వీధి అరుగు. పెద్దమ్మ మొదటి రోజు అరుగు మీదే ఆకు వేసి, పైనుంచి అన్నం జారవిడిచింది. వాళ్ళది మడి ఇల్లు, నేను సాయిబు పిల్లోణ్ణి. నాకూ అది కొత్త కాదు. మూడో రోజు "లోపలికి పొయ్యి నీళ్ళు తెచ్చుకోరా, నా మోకాళ్ళు పోతుండాయి" అంది. ఆరో రోజుకు వంటింటి గడప మీద కూర్చుని ఆమెకు వంకాయలు తరిగి పెడుతున్నాను. మోకాళ్ళ నొప్పులు లోకానికి ఎంత మేలు చేశాయో ఎవరూ రాయలేదు. ఆచారిగారు మాత్రం మారలేదు. నేను కొడుతున్నంతసేపూ ఎడమ అరచెయ్యి దాగలి మీద ఒక మూల ఆనించి ఉంచేవాడు. "చెవులతోనే వినాల్నా?" అనేవాడు. "నువ్వు కొడతా ఉంటే దీనికి చిరాకు పుడతా ఉంది. చేతికి తెలస్తాంది."

రెండో రోజునే ఇంటికి ఒక కార్డు రాశాను. "నేను గూడూరులో క్షేమం. దాగలి వచ్చేదాకా రాను. ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దు." ఇంతే. ఎవరికీ చెప్పవద్దని ఎందుకు రాశానో మీకు తెలుసు. అయితే నాకు చిన్నప్పటి నుంచీ దీర్ఘాలతో పేచీ ఉంది. కావలసిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట ధారాళంగా ఇస్తాను. దాగలి కాస్తా 'దాగాలి' అయింది. ఆ పక్కనున్న 'వచ్చేదాకా రాను' మీద నా మసి బొటనవేలు పడి ఆ అక్షరాలు మాయమయ్యాయి. మా ఇంట్లో చదువొచ్చినవాళ్ళు లేరు. కార్డు తెచ్చిన పోస్టు బంట్రోతు వాకిట్లో నిలబడి గట్టిగా చదివాడు.

"నేను గూడూరులో క్షేమం. దాగాలి. ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దు."

చదివినవాడు సైకిలెక్కి, ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోయాడు. పొద్దు గుంకే లోపల నేను నెల్లూరులో ఒకణ్ణి కొట్టి పారిపోయానని ఒక వీధిలోనూ, నాటకాల కంపెనీ అమ్మాయితో లేచిపోయానని ఇంకో వీధిలోనూ చెప్పుకున్నారు. (రెండో కబురు ఎవరు పుట్టించారోగానీ ఆయనకు నా మీద ఎంతో గౌరవం ఉండి ఉండాలి.) అమ్మ అన్నం మానేసింది. మా జేజి దర్గాకు మొక్కుకుంది, మనవడు దొరికితే అయిదు శేర్ల చక్కెర పంచుతానని. మా అక్క పెట్టె తెరిచి చూసి, చొక్కా కూడా లేదని అరిచింది. దాంతో పోలీసుల నుంచి దాక్కోవడానికి మారువేషం కూడా వేశానని తేలిపోయింది.

పదకొండో రోజు మధ్యాహ్నం నేను ఎనభయ్యో కొక్కెమో, తొంభయ్యో కొక్కెమో వంచుతూ ఉండగా పందిరి కింద నీడ పడింది. తలెత్తి చూస్తే నాయన. వెనక బావ. నాయన కొడుకు కోసం వచ్చాడు, బావ చొక్కా కోసం వచ్చాడు. ఇద్దరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

"ఏం చేసినావురా? ఎవరిని కొట్టినావు?" అన్నాడు నాయన.

"ఇనుమును, నాయనా."

"ఎకసెక్కాలు వొద్దు. ఎందుకు దాగాలి?"

"దాగలి ఎందుకేందీ? ఇంటికి తీసుకుపోను."

"ఇంటికే వస్తే ఇంక దాగేదెందుకురా?"

"అదిగో, నీ ముందరే ఉంది గదా నాయనా, దాగలి!"

ఈ మాటలేవీ వినబడని ఆచారిగారు పెద్దమ్మ వైపు తిరిగి "ఎవరు? ఇంకో బేరమా?" అన్నాడు. పెద్దమ్మ నా కార్డు సంగతి నాయన నోట విని, అది అర్థం చేసుకుని, ఆయన చెవిలో అరిచి చెప్పేసరికి వీధిలో బుట్టలల్లే వాళ్ళందరికీ కూడా తెలిసిపోయింది. నవ్వని వాళ్ళిద్దరే. ఒకరు నేను, రెండోవారు మా బావ. ఆయనకు మేకుకు వేలాడుతున్న చొక్కా కనబడింది. దాన్ని తీసి, ఎండకు అడ్డంగా పట్టుకుని, కన్నాల్లోంచి ఆకాశం చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎండాకాలానికి బాగుంటుందిలే" అన్నాడు చివరికి. మా బావ ఎంత మంచివాడో ఆ ఒక్క మాటతో తెలుసుకోవచ్చు. (తరవాత ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. అది వేరే సంగతి.)

నాయన మాత్రం నవ్వి, కోపం మరిచిపోయి, అప్పటికి దాగలిని చూశాడు. చూసి, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అరచేత్తో దాని వీపు నిమిరాడు. కొమ్మును మొదలు నుంచి కొస దాకా వేళ్ళతో తడిమాడు. సంతలో ఎద్దును చూసేవాళ్ళు అట్లా చూస్తారు గానీ, నాయన చూపులో బేరం లేదు. ముప్ఫై ఏళ్ళు కొమ్ము లేని పట్టా ముక్క మీద, అంచున ఆనించి తిప్పలు పడి వంపులు తిప్పిన మనిషి. కొమ్ము అక్కర్లేదని ఆయన ఎప్పుడూ అనలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నీకుండాయిగా అన్నాడు, అంతే. అది తప్పించుకునే మాట అని తెలియడానికి నాకు గూడూరు దాకా రావలసి వచ్చింది.

ఆచారిగారు నాయన మొహం చూడలేదు, చేతులు చూశాడు. ఒక కడ్డీ, సుత్తి ముందుకు జరిపాడు. నాయన నా వైపు చూసి "తిత్తి ఊదు" అన్నాడు. నేను ఊదాను. కడ్డీ పండిన మిరపకాయ రంగుకు రాగానే తీశాడు. కొస సాగదీయడానికి నాలుగు దెబ్బలు, కొమ్ము మీద వంచడానికి అయిదు, మెడ తిప్పడానికి రెండు. మళ్ళీ ఒక్కసారి కాల్చి కన్నం వేసి, నీళ్ళలో ముంచాడు. అంతే. నేను పదకొండు రోజులు కొట్టిన దెబ్బలకు ఆ దాగలి ఏ మోత మోగిందో గానీ, ఆ రోజు మాత్రం నాయన చేతి కింద పాట పాడింది. ఆచారిగారు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

కొక్కేన్ని బొటనవేలితో తడిమాడు. డబ్బా వైపు చూడలేదు. "మే, వీళ్ళకు కాపీ పెట్టు" అన్నాడు భార్యతో.

పదకొండు రోజుల్లో ఆ ఇంట్లో నాకు కాఫీ పుట్టలేదు!

అమ్మ ఇచ్చిన డబ్బు ఎంతుందో కూడా అడగకుండా, ఇచ్చింది పుచ్చుకుని దాగలి ఇచ్చేశాడు. అయితే ఇచ్చింది నాక్కాదు, నాయనకు. "సాయిబూ, ఇది నీకిస్తుండా. నీ కొడుకు మంచోడే, వంకాయలు బాగా తరుగుతాడు. కానీ నువ్వు సరే అనే దాకా వాడిచేత దీనిమీద సుత్తి పట్టించొద్దు. నాకు మాటియ్యి" అన్నాడు. నాయన ఒక్క క్షణమైనా ఆలోచించకుండా మాట ఇచ్చేశాడు. పెద్దమ్మ నాకు నిమ్మకాయ ఊరగాయ జాడీ ఇచ్చి, "దీర్ఘాలు జాగర్తరా" అంది.

నెల్లూరు మీదుగా పోయే నిమ్మకాయల లారీలో బుట్టల మధ్య దాగలిని పెట్టుకుని వచ్చాం. అడ్డరోడ్డు దగ్గర దించుకుని, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద ఊళ్ళోకి. దారంతా నాయన కొత్త దూడ మీద చెయ్యేసినట్టు దాని మీద చెయ్యి వేసే కూర్చున్నాడు. ఊరంతా చూడటానికి వచ్చింది, దాగలిని కాదు, నాటకాల అమ్మాయిని. బండిలో ఆమె లేదని తెలిసి చాలామంది బాధపడ్డారు. మా జేజి నా మసి మొహాన్ని కొంగుతో తుడిచి, తుడిచి, ఎంతకీ మనవడు బయటపడక, "ఈ మొగానికి చక్కెర దండగ, దేవుడు కూడా ఒప్పుకోడు. బెల్లం చాల్లే" అని మొక్కును అక్కడికక్కడే సవరించింది.

ఆ తరవాత ఏడాదిన్నర నేను పట్టా ముక్క మీదే కొట్టాను. పక్కనే రెండు గజాల్లో నాయన సీమ దాగలి మీద 'టంగ్, టంగ్' మంటుంటే, నేను 'తట్, తట్' మంటుండేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు "నువ్వు తెచ్చిన దాగలి ఏదబ్బయ్యా?" అని అడిగేవాళ్ళు, తెలిసీ. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పట్టా మీద కొట్టగా కొట్టగా నా కొక్కేలు వంకర మానేశాయి. ఎప్పుడు మానేశాయో నేను చూసుకోలేదు. నాయన చూసుకున్నట్టున్నాడు.

ఒక వానాకాలం పొద్దున ఆయనకు జ్వరం తగిలింది. కొత్త పడవకు మేకులు కావాలని, సముద్రం మీద వేటకు పోయే పట్టపోళ్ళు వచ్చి కూర్చున్నారు. నాయన మంచం మీద నుంచే, గోడ వైపు తిరిగి, "దాని మీద కొట్టు" అన్నాడు. మళ్ళీ అడిగితే మాట మారుస్తాడేమో అని అడగలేదు. ఒళ్ళంతా సంతోషం. మేకులు బాగానే సాగాయి. పన్నెండోదో పదమూడోదో కొడుతూ, ఇదంతా ఆచారిగారు చూస్తే బాగుండునని అనుకున్నాను. ఆ అనుకోవడంలో చెయ్యి జారింది. సుత్తి మూల ఇనుమును తప్పించుకుని నేరుగా దాగలి వీపు మీద పడింది. తీసి చూస్తే, అద్దంలాంటి ఆ నున్నటి వీపు మీద చింతగింజంత గుంట.

ఆ రోజు నేను అన్నం తినలేదు. సాయంత్రం నాయన దుప్పటి కప్పుకుని, గోడ పట్టుకుని కొలిమి దగ్గరికి వచ్చాడు. అప్పటికే నేను గుంట మీద ఒక పాత గోనె కప్పి, పైన పట్టకార్లు, సుత్తులు, బొగ్గుల గంప, చేతికి దొరికినవన్నీ పేర్చాను. ఆయన ఒక్కొక్కటే తీసి కింద పెట్టాడు. గోనె తీశాడు. గుంటను బొటనవేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఊఁ. సంతకం పెట్టినావు" అన్నాడు. "దీర్ఘం లేకుండా పెట్టినావు. పొయ్యి అన్నం తిను."

నాయన పోయి చాలా ఏళ్ళయింది. గూడూరు దంపతులు అంతకు ముందే పోయారు. దాగలి ఇప్పుడూ ఉంది. నా చేతిలోనే బలం లేదు. ఒక్కోసారి దాని పక్కన కూర్చుని ఆ గుంటలో వేలు పెట్టుకుంటాను. సరిగ్గా నా బొటనవేలికి సరిపోతుంది. టెరిలిన్ చొక్కా తొడుక్కుని, లోకానికి పెదవి విరుస్తూ బస్సెక్కిన ఆ కుర్రాడు కనిపిస్తాడు. వెనక్కి పిలిచి నాలుగు మంచి మాటలు చెబుదామనిపిస్తుంది. కానీ వాడు వినడు. వినకపోవడమే మంచిదయింది.